స్టార్ట్ కాని పాత కంప్యూటర్: ముందు వినాలి, తర్వాత విప్పాలి

బచ్చన్నపేటలో బోరు మోటారు నడవకపోతే ఏ రైతూ ముందుగా పైపులు పైకి లాగించడు. కరెంటు వస్తోందా, ఫ్యూజు పోయిందా, స్టార్టర్ పట్టుకుంటోందా అని చూసి, అవన్నీ బాగున్నాయని తేలాకే మోటారును అనుమానిస్తాడు. పాత హోమ్ కంప్యూటర్ స్టార్ట్ కాకపోతే మాత్రం చాలామంది ఈ వరుసను తిరగేస్తారు. నేరుగా ప్లగ్గు పెట్టి చూస్తారు, తెర వెలగకపోతే ఏదో చిప్పు పోయిందని తీర్మానిస్తారు, లేదా తుక్కు కింద అమ్మేస్తారు. అలాంటి కంప్యూటర్ తాను ఎంతదూరం వచ్చి ఆగిపోయిందో చప్పుడుతో, లైటుతో, తెర మీది మాటతో తానే చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని వరుసగా చదవకుండా ఒక్క చిప్పునూ మార్చకూడదన్నదే ఈ వ్యాసం వాదన.

దీనికి సరైన ఉదాహరణ బీబీసీ మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏకార్న్ సంస్థ 1981 చివర్లో దీన్ని విడుదల చేసింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం బడి పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టి, తొలి విడతలో దేశమంతటా సుమారు 250 బడులకు ఈ కంప్యూటర్లనే ఇచ్చింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ ఇదే యంత్రాన్ని ‘యూనికార్న్’ పేరుతో మన దగ్గర తయారు చేసింది. ఇందులోని 6502 ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్, మోడల్ బీ మెమరీ 32 కిలోబైట్లు. ఇంత చిన్న యంత్రం కాబట్టే స్విచ్ వేసిన క్షణం నుంచి లోపల ఏం జరుగుతుందో ఒక మనిషి మొత్తంగా అర్థం చేసుకోగలడు.

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యంత్రానికి ముందే ప్లగ్గు పెట్టడం అన్నింటికంటే పెద్ద తప్పు. ‘చివరిసారి బాగానే పనిచేసింది కదా’ అన్నది దానికి వినిపించే సమర్థన. అది చివరిసారి సంగతి. ఆ తర్వాత గడిచిన వానాకాలాలన్నీ పవర్ సప్లై లోపలి భాగాల మీద పనిచేశాయి. బీబీసీ మైక్రో సప్లైల్లో మెయిన్స్ వైపు రీఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లు తరచుగా కనిపిస్తాయి. వాటి పైపూత కాలక్రమంలో చిట్లుతుంది, ఆ పగుళ్లలోంచి గాలిలోని తేమ లోపలి కాగితానికి చేరుతుంది. ఆ స్థితిలో 230 వోల్టులు తగిలితే అవి కాలి, గదినిండా దట్టమైన పొగ కమ్ముకుంటుంది. కాబట్టి మొదటి పరీక్ష కంటితోనే జరగాలి. అయితే పవర్ సప్లై డబ్బాను ఇంట్లో ఎవరు పడితే వాళ్లు విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. స్విచ్ మోడ్ సప్లైలు బాగుచేసిన అనుభవమున్న టీవీ మెకానిక్‌కు ఇచ్చి, పాత కెపాసిటర్ల స్థానంలో అదే రకం భద్రతా ప్రమాణమున్న కొత్తవి వేయించాలి. ఆ తర్వాతే మల్టీమీటర్‌తో బోర్డు మీద వోల్టేజీ చూడాలి. అది 5 వోల్టులు ఉండాలి. 4.75 కన్నా తగ్గినా, 5.25 దాటినా చిప్పులు నమ్మకంగా పనిచేయవు. సప్లై దగ్గర సరిగ్గా ఉండి బోర్డు మీద తగ్గితే, వైర్ల చివర ఉండే తొడుగుడు కనెక్టర్లు వదులయ్యాయని అర్థం.

కరెంటు సరిగ్గా అందుతున్నప్పుడు చెవికి పని మొదలవుతుంది. బాగున్న బీబీసీ మైక్రో స్విచ్ వేయగానే ‘బూ’ అని బొంగురుగా మోగి, వెంటనే ‘బీప్’ అని చిన్నగా పలుకుతుంది. ఈ రెండు చప్పుళ్లకూ వేర్వేరు మూలాలున్నాయి. మొదటిది ఏ ప్రోగ్రామూ అడిగింది కాదు, కరెంటు తగలగానే సౌండ్ చిప్పు తనంతట తాను చేసే మోత. ఈలోగా ప్రాసెసర్ మెమరీ చివరికి దగ్గర్లో ఉన్న రెండు బైట్లలోంచి తన పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకుని, రోమ్ చిప్పులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపడం మొదలుపెడుతుంది. మోతను ఆపించేదీ, రెండో బీప్ పలికించేదీ ఆ ఆపరేటింగ్ సిస్టమే. కాబట్టి ‘బూ’ మోత ఆగకుండా సాగిందంటే, కరెంటు ఉంది గాని ఆపరేటింగ్ సిస్టమ్ ఆ మెట్టుదాకా రాలేదన్నమాట. అప్పుడు అనుమానించాల్సినవి ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చిప్పు, మెమరీ, గడియార సంకేతం, రీసెట్ సంకేతం. బ్రేక్ మీట నొక్కితే యంత్రం లేచి కూర్చుందంటే, స్విచ్ వేసినప్పుడు రీసెట్ సరిగా అందడం లేదని పట్టుకోవచ్చు.

రెండు చప్పుళ్లూ సరిగా వినిపించి తెర మాత్రం నల్లగా ఉంటే కథ పూర్తిగా మారుతుంది. కంప్యూటర్ స్టార్ట్ అయింది, బొమ్మ మాత్రమే రావడం లేదు. దీన్ని గుడ్డిగా నమ్మక్కర్లేదు. క్యాప్స్ లాక్ మీట నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా చూడాలి. ఆ లైటును తిప్పేది ఆపరేటింగ్ సిస్టమే కాబట్టి అది మారితే లోపల పని జరుగుతున్నట్టే. కంట్రోల్ మీట పట్టుకుని జీ నొక్కితే బీప్ రావాలి. ఈ రెండూ జరిగితే ప్రాసెసర్ జోలికి పోనవసరం లేదు, వీడియో భాగాన్నీ, కేబుల్‌నూ, టీవీనీ చూడాలి. తెర మీద ‘లాంగ్వేజ్?’ అన్న మాట వచ్చి అక్కడే నిలిస్తే అది ఇంకా స్పష్టమైన సాక్ష్యం. ఆపరేటింగ్ సిస్టమ్ బాగుంది, దానికి బేసిక్ భాష ఉన్న చిప్పు దొరకలేదు. చాలాసార్లు ఆ చిప్పు చెడిపోయి ఉండదు. వేడెక్కి చల్లారే క్రమంలో సాకెట్‌లోంచి కొద్దిగా పైకి జరిగి ఉంటుంది, లేదా కాళ్లకు మసక పొర పట్టి ఉంటుంది. ప్లగ్గు తీసి, రెండు చివర్లా సమంగా లేపి, కాళ్లు శుభ్రం చేసి, గాటు ఉన్న వైపు మారకుండా తిరిగి నొక్కితే బాగయ్యే అవకాశం ఎక్కువ.

ఇంత పరీక్ష ఎందుకు, అనుమానమున్న చిప్పులన్నీ ఒకేసారి మార్చేస్తే పోదా అని కొందరు మెకానిక్‌లు అంటారు. తేలికగా కొట్టిపారేయాల్సిన మాట కాదిది. ఒకసారి వచ్చి ఒకసారి పోయే దోషాల్లో, కొలతలన్నీ సరిగ్గా ఉన్నప్పుడు, బాగున్నదని తెలిసిన చిప్పును పెట్టి చూడటమే చివరి దారి. కానీ అది చివరి దారే. సోల్డరింగ్ చేసి ఉన్న చిప్పును ఊడదీసేటప్పుడు బోర్డు మీది సన్నని రాగి గీతలు లేచిపోతాయి. దాంతో ఒక్క దోషం ఉన్న చోట రెండు తయారవుతాయి, మొదటిదాని ఆనవాలు కూడా చెరిగిపోతుంది. పైగా బచ్చన్నపేటలో ఉన్నవాళ్లు ఇలాంటి చిప్పు కోసం జనగామ మీదుగా హైదరాబాద్ వెళ్లి కోఠిలోని గుజరాతీ గల్లీలో వెతుక్కోవాలి. ఏది కావాలో తేల్చుకోకుండా బయల్దేరితే డబ్బూ రోజూ రెండూ వృథా. నగరానికి దూరంగా ఉన్నవాళ్లకే ఈ క్రమం ఎక్కువ అవసరం. మొదటి మెట్లకు కావాల్సినవి మల్టీమీటర్, కళ్లు, చెవులు మాత్రమే.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. బీబీసీ మైక్రో ప్రోగ్రాములను ఇవాళ ఏ ల్యాప్‌టాప్‌లోనైనా ఎమ్యులేటర్‌తో, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాముతో, నడపవచ్చు, అలాంటప్పుడు ఈ పాత పెట్టె దేనికి అని. ప్రోగ్రాములే కావాలంటే ఎమ్యులేటర్ చాలు, అందులో సందేహం లేదు. కానీ చిప్పు కాలు సాకెట్‌కు ఆనకపోతే ఏమవుతుందో, వోల్టేజీ కాస్త తగ్గితే మెమరీ ఎలా తప్పుతుందో ఎమ్యులేటర్ చూపించదు. ఇప్పటి ఫోన్ స్టార్ట్ కాకపోతే లోపల ఏ మెట్టు దగ్గర ఆగిందో బడి పిల్లలు తేల్చలేరు. ఈ యంత్రంలో తేల్చగలరు. లక్షణం చూడటం, కారణం ఊహించడం, ఆ ఊహ తప్పని రుజువు చేయగల పరీక్ష పెట్టడం, అప్పుడు మాత్రమే చెయ్యి వేయడం. సైన్స్ పాఠంలో మనం నేర్పాలనుకునే పద్ధతి ఇదే. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారు చేసిన ప్రాంతం మనది. ఆ వారసత్వాన్ని పాత పేర్లు తలచుకోవడంతో సరిపెట్టకుండా, యంత్రాలను విప్పి అర్థం చేసుకునే అలవాటుగా నిలబెట్టాలి.

అందుకే ప్రధానోపాధ్యాయులకూ, ఇంట్లో పాత సామాను సర్దుతున్నవాళ్లకూ ఒక మనవి. బీరువాలోనో అటక మీదో ఇలాంటి కంప్యూటర్ కనిపిస్తే తుక్కువాడికి వేయకండి, వెంటనే ప్లగ్గూ పెట్టకండి. ముందు పవర్ సప్లైని తెలిసినవాళ్లకు చూపించండి. తర్వాత పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి స్విచ్ వేయండి, ఏం వినిపించిందో, ఏ లైటు వెలిగిందో వాళ్లచేతే రాయించండి. స్క్రూడ్రైవర్ అందుకోవాల్సింది ఆ కాగితం చదివిన తర్వాతే.