వాన పడ్డది, మరి గడ్డేది?

ఈ ఎపిసోడ్ యాప్‌ల గురించి కాదు, గడ్డి గురించి. స్కిప్ చేయకండి, రెండు నిమిషాలు వినండి.

మాది పాలకుర్తి. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు గొర్రెలు కాసే కాకను అడిగాను, "వానలు మంచిగనే పడ్డయి కదా కాకా, మందను అంత దూరం ఎందుకు తోల్కపోతున్నవ్?" అని. ఆయన ఒక్కటే మాట అన్నాడు: "వాన పడ్డది బిడ్డా, నిలువలే."

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి నాకు ఇలా అర్థమైంది. మీకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వస్తుంది. నెల డేటా అంతా ఒకే రోజు ఇచ్చి, అర్ధరాత్రికి ఎక్స్‌పైర్ అంటే? మొత్తం లెక్క సేమే. కానీ మిగతా 29 రోజులు నెట్ లేదు. గడ్డి పరిస్థితి కూడా అంతే.

2023 గుర్తుందా? జూలై 27 ఉదయానికి, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన. వెంటనే వచ్చిన ఆగస్టేమో, దేశం మొత్తం మీద 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు. మామూలు కన్నా 36 శాతం తక్కువ. ఒక్క ఏడాదిని చూసి ఇది వాతావరణ మార్పేనని తేల్చలేం. కానీ సైన్స్ చెప్పే దిశ ఇదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే కురిస్తే కుండపోత. అదే వేడికి నేల కూడా త్వరగా ఆరిపోతుంది.

అమెరికాలో దీని మీద ప్రయోగాలు చేశారు. కాన్సాస్‌లోని కొంజా ప్రెయిరీలో మొత్తం వాన తగ్గించకుండా, వానకీ వానకీ మధ్య గ్యాప్ మాత్రమే పెంచారు. గడ్డి దిగుబడి తగ్గింది. ట్విస్ట్ ఏంటంటే, ఇంకా పొడిగా ఉండే కొలరాడో మైదానాల్లో తక్కువసార్లు పెద్ద వానలిస్తే గడ్డి పెరిగింది! ఎందుకంటే నీళ్లు ఎండకు అందనంత లోతుకు దిగాయి.

మరి మన దగ్గర? ఇక్కడే నేల సంగతి చూడాలి. మన గుట్టల మీద జానెడు ఎర్రమట్టి, కింద బండ. పెద్ద వానొస్తే నీళ్లు దిగవు, జారిపోతాయి. పోతూ పోతూ మట్టిని కూడా తీసుకుపోతాయి. తొలకరికి మొలిచిన గరిక గ్యాప్‌లో వాడిపోతుంది. మిగిలిన లేత ఆకును కూడా గొర్రెలు మేస్తే వేర్లకు బలం ఉండదు. ఖాళీ అయిన చోట వయ్యారిభామ వచ్చి కూర్చుంటుంది. దాన్ని గొర్రె ముట్టదు.

2017లో మొదలైన స్కీమ్‌లో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. గొర్రెను లారీలో తేవచ్చు, మేత బీడును తేలేం కదా.

చేయగలిగింది లేదా అంటే, ఉంది. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వితే నీళ్లు ఆగుతాయి. తొలకరి తర్వాత కొన్ని వారాలు బీడులో ఒక భాగాన్ని మేపకుండా వదిలితే వేరు నిలబడుతుంది. కానీ ఆ వారాల్లో మందకు మేత ఎక్కడిది? ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇదే. కాక ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

మీ ఊళ్లో మేత బీడు ఇంకా ఉందా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.