పైన పటారం చూసి మోసపోవద్దు
ట్రైలరు చట్రాన్నీ, కమాను కట్టలనూ పరీక్షించే విధానం

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. బొగ్గు గనులకూ, రైలు పట్టాలకూ నడుమ కాపురముంటున్న మనం ఆ వరుసలో "బండి కొని చూడు" అనే మాటను కూడా చేర్చుకోవచ్చును. కోర్బా ప్రాంతంలోని గనుల నుండి బొగ్గును, భిలాయి నుండి ఉక్కును మోసే ట్రైలర్లు రాత్రింబవళ్లు మన కళ్లముందు తిరుగుతూనే ఉంటాయి. పదవీ విరమణ పొందే ఉద్యోగులలో కొందరికి గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ముతో ఒక ట్రైలరు కొని, కుమారునికో అల్లునికో జీవనోపాధి కల్పించాలనే ఆలోచన కలగడం సహజం. ఆలోచన మంచిదే. కాని ముప్పై ఏళ్ల కష్టార్జితాన్ని ఒక్క పూటలో, బండి రంగు చూసి ధారపోయరాదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అటువంటి కుటుంబానికి చెందిన మా పొరుగు మిత్రుడొకరు వ్యాగన్లను పరీక్షించే విభాగంలో చిరకాలం పనిచేసి పదవీ విరమణ పొందారు. ఒకనాడు ఆయన పాత ట్రైలరునొకదానిని చూసి వచ్చి, "కొత్తదానివలె మెరిసిపోతోంది, రేపే బయానా ఇస్తాను" అని సంబరపడ్డారు. అప్పుడు వారి శ్రీమతి, "ఏమండీ, ఇన్నేళ్లూ ప్రతి వ్యాగను కిందికీ వంగి చూశారు కదా, దీని కిందికి వంగి చూశారా?" అని అడిగారు. ఆయన వద్ద సమాధానం లేకపోయింది. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నయే మూలం.

అయిదవ చక్రం

ఈ తరహా ట్రైలరుకు ముందువైపు చక్రాలు ఉండవు. దాని ముందుభాగం, డ్రైవర్లు "హార్స్" అని పిలిచే లాగుడు బండి వీపుపై ఆనుతుంది. అక్కడ ఉండే గుండ్రని ఉక్కు పీఠమే ఫిఫ్త్ వీల్, అనగా అయిదవ చక్రం. గుర్రపు బండ్ల కాలంలో ముందు ఇరుసు తిరగడానికి అడ్డంగా అమర్చిన చక్రం నుండి ఈ పేరు వచ్చినది. ట్రైలరు కింద వేలాడే కింగ్ పిన్ను ఈ పీఠంలో చిక్కుకొని, మొత్తం బండిని లాగుతుంది. సాధారణంగా వాడే రెండంగుళాల పిన్ను మెడ కొత్తలో 50.8 మిల్లీమీటర్లు ఉంటుంది. అది అరిగి 49 మిల్లీమీటర్లకు తగ్గినచో మార్చవలసినదే. బేరమాడే రోజున జేబులో ఒక వెర్నియర్ కాలిపర్ ఉండడం మంచిది.

చట్రం – బండికి వెన్నెముక

ట్రైలరు పొడవునా సాగే రెండు దూలాలూ, వాటిని కలిపే అడ్డ దూలాలూ కలిసి చట్రం. బరువు మీద పడినప్పుడు దూలపు కింది పట్టీ సాగుతుంది, పై పట్టీ నొక్కుకుంటుంది. కనుక పగులు ఎక్కువగా కింది పట్టీలోనే మొదలవుతుంది. మెడ వంపు తిరిగే చోటు, కింగ్ పిన్ను పలక అంచులు, ముందు కాళ్లు బిగించిన చోటు, కమానుల హ్యాంగర్లు దూలానికి అతికిన చోటు – ఈ నాలుగింటినీ టార్చిలైటు వేసి చూడవలెను. రంగు ఎంత కొత్తదైనా పగులును ఎక్కువ కాలం దాచలేదు. సన్నని గోధుమరంగు తుప్పు గీత వెల్డింగు అంచు వెంట కనిపించినచో అనుమానించవలసినదే.

కింది పట్టీపై అడ్డంగా వెల్డింగు చేసి అతికిన మాసికలూ, పట్టీకి పొడిచిన కొత్త రంధ్రాలూ బలాన్ని పెంచవు సరికదా, కొత్త పగుళ్లకు పునాది వేస్తాయి. అనేక ట్రైలర్ల దూలాలను ఖాళీగా ఉన్నప్పుడు కొద్దిగా పైకి వంగి ఉండేటట్లు తయారు చేస్తారు. ఖాళీ బండి నడుము కిందికి జారి ఉన్నచో, ఆ ఉక్కు ఒకనాడు తన శక్తికి మించి మోసినదని అర్థం.

ఉక్కు రకం కూడా అడిగి తెలుసుకోవలెను. ఇ 250 రకం ఉక్కు కనీసం 250 మెగాపాస్కల్ ఒత్తిడి వరకూ శాశ్వతంగా వంగదు. ఇ 350 రకం 350 వరకూ తట్టుకుంటుంది. బలమైన ఉక్కు వాడినచో చట్రం తేలికపడి, సరుకు ఎక్కువ పడుతుంది. కాని రెండింటి బిరుసుదనం ఒక్కటే. కనుక పలుచన చేసిన చట్రం విరగకపోయినా ఎక్కువగా ఊగుతుంది.

కమాను కట్టలు

రైలు వ్యాగను కింద ఉండే క్యాస్నబ్ బోగీలో చుట్ట స్ప్రింగులూ, ఊపును ఆపే రాపిడి దిమ్మెలూ ఉంటాయి. 81.28 టన్నుల మొత్తం బరువుకు రూపొందించిన బాక్స్ ఎన్ వ్యాగను ఇరుసు ఒక్కంటికి 20.32 టన్నులు పడుతుంది. అయినా అది నునుపైన పట్టాలపై నడుస్తుంది. ట్రైలరుకు ఆ భాగ్యం లేదు. గుంటల రోడ్డుపై ప్రతి కుదుపునూ కమాను కట్టలే మింగవలెను. అవి మింగలేనిది చట్రానికి చేరుతుంది.

కనుక విరిగిన పట్టీ ఉన్నదా, పట్టీలు పక్కకు జరిగిన మెరుపు గీతలు ఉన్నాయా అని చూడవలెను. యూ బోల్టుల చుట్టూ తుప్పు పొడి రాలుతున్నచో అవి వదులైనట్లే. గునపంతో ఎత్తి చూసినచో బుష్‌ల అరుగుదల తెలుస్తుంది. ఇరుసుల మధ్య బరువును సమానంగా పంచే ఈక్వలైజరు బిగుసుకుపోయినచో, ఒకే ఇరుసుపై ఎక్కువ భారం పడవచ్చును. గాలి సంచుల సస్పెన్షన్ బరువును చక్కగా పంచుతుంది. అయితే దాని గొట్టాలనూ, కవాటాలనూ, సంచుల పగుళ్లనూ తరచు చూసుకోవలసి ఉంటుంది.

బండిని కొంతదూరం నడిపించి, హబ్బుల వేడిని చేతితో పరీక్షించవచ్చును. హాట్ యాక్సిల్ అంటే ఏమిటో రైల్వే కుటుంబాలకు వేరే చెప్పనవసరం లేదు. కింగ్ పిన్ను నుండి మొదటి ఇరుసు రెండు చివరలకూ దారం పట్టి కొలిచినచో, రెండు కొలతలూ మూడు మిల్లీమీటర్ల లోపు తేడాతో సమానంగా ఉండవలెను. లేనిచో బండి వంకరగా నడిచి టైర్లను తినివేస్తుంది.

ఏమి మోసినదో అడగండి

ప్రభుత్వం 2018 జూలైలో మూడిరుసుల సముదాయానికి అనుమతించిన బరువును 24 నుండి 27 టన్నులకు పెంచినది. కాని అంతకు ముందు తయారైన చట్రం ఆ ఉత్తర్వుతో బలపడలేదు. వెల్డింగు అతుకుల ఆయుష్షు, వాటిపై పడే ఒత్తిడి ఘనాన్ని అనుసరించి తగ్గుతుంది. అనగా ఒత్తిడి నాలుగో వంతు పెరిగినచో ఆయుష్షు దాదాపు సగమవుతుంది. బండి వయస్సు కంటే, అది మోసిన బరువు ముఖ్యం.

ఖాళీ ట్రైలరును కాటా మీద తూచి, రిజిస్ట్రేషను పత్రంలోని ఖాళీ బరువుతో సరిపోల్చవలెను. ఎక్కువగా తూగినచో ఎక్కడెక్కడ ఉక్కు పలకలు అతికారో వెదకండి. చాసిస్ నంబరు పత్రంతో కలిసినదీ లేనిదీ చూడండి. బండి కిందికి పోయే ముందు చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టడం ఎన్నడూ మరువవద్దు.

మా మిత్రుడు మరునాడు పాత సుత్తి, టార్చిలైటు తీసుకొని వెళ్లారు. ఎడమవైపు రెండవ హ్యాంగరు పక్కన, కొత్త రంగు కింద, జానెడు పొడవున పగులు కనిపించినది. బయానా సొమ్ము జేబులోనే ఉంచుకొని ఇంటికి వచ్చారు. తరువాత ఆయన కొన్న ట్రైలరు వెలిసిన రంగుదే. దాని కింద మాత్రం మాసిక లేదు. ఆ ట్రైలరును ఇప్పుడు వారి అల్లుడే నడుపుతున్నాడు. తమ పిల్లలు నడపబోయే బండి కిందికి ఒక్కసారి వంగి చూడడానికి బట్టలు మాసినా నష్టం లేదని సోదర ఉద్యోగులకు మనవి.