రాష్ట్రము మారిన రైతులు: వీలునామాలు, ముక్త్యారునామాలు

మన రైతులలో అనేకులు పుట్టిన యూరు విడిచి యితర రాష్ట్రములలో స్థిరపడియున్నారు. తుంగభద్ర కాలువల క్రింద భూములు కొని రాయచూరు, గంగావతి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొన్న కోస్తా రైతుల సంగతి చదువరు లెరిగినదే. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండయినపుడు, ఇల్లు కదలకయే కొందరి నివాస మొక రాష్ట్రమందును భూమి యింకొక రాష్ట్రమందును పడినవి. పూర్వము వ్రాసిన కాగితములు ఇప్పుడు చెల్లునా యను సందేహము ఇట్టివారికి సహజము.

వీలునామా రాష్ట్రము మారినంత మాత్రమున చెడదు. 1925 సంవత్సరపు భారత వారసత్వ చట్టమే ఇక్కడను అక్కడను వర్తించును. వ్రాసినవారు సంతకముగాని వ్రేలిముద్రగాని వేయగా, ఇద్దరు సాక్షులు వారి యెదుట సంతకములు చేసిన చాలును. స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రేషను మన యిష్టము. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుండి 26 అయినవి గదా, పాత జిల్లా పేరున్న వీలునామా పోవునా యని భయపడ నక్కరలేదు. గ్రామము, సర్వే నెంబరు, హద్దులు సరిగా నున్నచో భూమి గుర్తింపబడును.

చిక్కంతయు సాక్షులతో వచ్చును. రిజిస్టరయిన వీలునామాయైనను, కోర్టులో రుజువు చేయవలసినచో, బ్రతికియున్న సాక్షులలో నొక్కరైనను వచ్చి చెప్పవలెను. వ్రాసిననాడే వృద్ధులైన సాక్షులు పాత యూరిలో నుండగా, కుటుంబము నాలుగువందల మైళ్ల దూరమున నున్నచో, తగవు వచ్చిననాడు వారిని వెదకుట యెవరి తరము? కావున క్రొత్త చోట, తమకంటె చిన్నవారును, ఆస్తిలో భాగము లేనివారును అగు సాక్షులను పెట్టుకొని క్రొత్త వీలునామా వ్రాయుట మేలు. అందు పూర్వపు వీలునామాను రద్దుచేయుచున్నట్లు దాని తేదీతో సహా స్పష్టముగా వ్రాయవలెను. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను మాత్రమే వ్రాయవచ్చునని మరువరాదు.

ముక్త్యారునామా విషయము వేరు. యజమాని బదులు ముక్త్యారు దస్తావేజును దాఖలు చేయవలెనన్న, 1908 సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 33వ సెక్షను ప్రకారము, ఆ ముక్త్యారునామా వ్రాయునాటికి యజమాని యెచ్చట నివసించునో అచ్చటి సబ్ రిజిస్ట్రారు దానిని ధ్రువీకరింపవలెను. భూమి గుంటూరులో నున్నను, నివాసము సింధనూరులో నైనచో సింధనూరు కచేరికే పోవలెను. నోటరీ ముద్ర ఒక్కటి యిందుకు చాలదు. పాత యూరిలో నుండగా అక్కడి సబ్ రిజిస్ట్రారు ధ్రువీకరించినది మాత్రము నివాసము మారినందువలన పోదు. నడువలేని వృద్ధుల యింటికి ఆ యధికారియే వచ్చుట కవకాశము కలదు. ఆ జిల్లాలో తెలుగు వాడుకలో లేక, అధికారికిని తెలియనిచో, అక్కడి భాషలోనికి సరియైన అనువాదమును నకలును జతపరుపవలెను. విదేశములలోని పిల్లలు నోటరీ యెదుటగాని భారత కాన్సలు యెదుటగాని వ్రాసి పంపవచ్చును. అది దేశమునకు చేరిన మూడు నెలలలోపల స్టాంపు వేయించవలెను.

యజమాని మరణించినచో సాధారణముగా ముక్త్యారునామా అంతరించును. అటుపిమ్మట దానిపై పొలము అమ్ముట పిల్లలకు వ్యాజ్యము తెచ్చిపెట్టుటయే. ముక్త్యారునామా పుచ్చుకొన్నంతనే భూమి తమదైనదనుకొని సొమ్ము చెల్లించువారు నేటికిని కలరు. అట్లు హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. రద్దు చేయదలచినవారు ముక్త్యారుకు వ్రాసి తెలిపి, సబ్ రిజిస్ట్రారుకును, బ్యాంకుకును, కౌలుదారుకును తెలియజేయవలెను. రద్దు సంగతి తెలియక ముక్త్యారుతో వ్యవహరించినవారికి చట్టము రక్షణ నిచ్చును గనుక ఆలస్యము తగదు.

మన సంఘములో వాటాలకును డిపాజిట్లకును వ్రాసియిచ్చిన నామినీ పత్రమును గూడ ఇదే సమయమున చూచుకొనుడు. నామినీ సొమ్ము పుచ్చుకొనును గాని, అంతమాత్రమున తక్కిన వారసుల హక్కు పోదు. వీలునామాను ఇంటిలో నుంచుటకు జంకువారు సీలువేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారునొద్ద దాచవచ్చును. అట్లు దాచిన సంగతి ఇంటివారిలో నొకరికైనను చెప్పియుంచవలెను.