మీకు తెలుసా? కంప్రెసర్ చేసేది శబ్దాన్ని తగ్గించడమే!

ర్యాక్‌లో బిగించే ఆడియో కంప్రెసర్ పాటను బిగ్గరగా చేస్తుందని చాలామంది నమ్మకం. అది చేసే పని అసలు తగ్గించడమే. మనం పెట్టిన హద్దును శబ్దం 8 డెసిబెళ్లు దాటిందనుకోండి. నిష్పత్తి 4:1 అయితే, బయటికొచ్చేసరికి ఆ 8 కాస్తా 2 అవుతుంది. అలా మిగిలిన చోటులోకి మొత్తం శబ్దాన్ని మనమే పైకి లేపుతాం. బిగ్గరతనం అక్కణ్నుంచి వస్తుంది. రాత్రిపూట ఇంట్లో సినిమా చూసేవారికి ఇది అక్కరకొచ్చేదీ అందుకే: పేలుళ్లు అణుగుతాయి, గుసగుసలు వినిపిస్తాయి. కాకపోతే రెండు చానళ్లనూ స్టీరియో లింక్‌తో కలపాలి. లేదంటే ఎడమవైపు పేలుడు వచ్చినప్పుడల్లా మధ్యలో ఉన్న గొంతు కుడికి జరుగుతుంది.

చవక కంప్రెసర్ సంగీతం ప్రాణం తీస్తుందన్న అభ్యంతరం సగమే నిజం. అలాంటి పెట్టే అయిన, 1990లలో బాగా అమ్ముడైన అలెసిస్ 3630 మీద, శబ్దాన్ని ఎగదోసి దిగలాగుతుందన్న నింద ఉంది. ఫ్రాన్స్ జంట డాఫ్ట్ పంక్ ఆ ఊపునే కోరి వాడుకుంది: కిక్ డ్రమ్ పడ్డ ప్రతిసారీ మిగతా సంగీతం అణిగి, మళ్లీ ఉబుకుతుంది. అది లోపమా, సొగసా అన్నది చాలావరకు అణిచిన శబ్దాన్ని ఎంత త్వరగా వదలాలో నిర్ణయించే రిలీజ్ నాబ్ ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ఉంటుంది. నెమ్మది పాటలో వెనకుండే ‘హిస్’ రొద పైకి తేలితే మాత్రం సమర్థించలేం. అక్కడ నిష్పత్తిని 2:1 దగ్గరే ఆపి, లేపడమూ తగ్గించుకోవాలి.