సాగునీరు, తాగునీరు: వంశధార ఎడమ కాలువ చెప్పే లెక్క

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఒక టీఎంసీ నీటిని ఎకరాల్లోనూ, మనుషుల అవసరాల్లోనూ లెక్కగట్టగలుగుతారు.
• పొలాలకూ పట్టణాలకూ మధ్య నీటి పంపకంలో అసలు చిక్కు ఎక్కడ వస్తుందో వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి ఉంది. అక్కడ మొదలయ్యే ఎడమ ప్రధాన కాలువ వంద కిలోమీటర్లకు పైగా ప్రవహించి టెక్కలి, నందిగాం మీదుగా పలాస వైపు వస్తుంది. దీని ఆయకట్టు సుమారు 1,48,000 ఎకరాలు. కాలువ చివర ఉన్న పొలాలను శివారు ఆయకట్టు అంటారు.

ఈ కాలువ చేరే ప్రాంతానికి తూర్పున సముద్రతీరం ఉంది. నౌపడ దగ్గర ఉప్పు మడులు, ఉత్తరంగా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కనిపిస్తాయి. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఎన్నో కుటుంబాలను దెబ్బతీసింది. దాని కారణం ఇంకా శాస్త్రీయంగా తేలలేదు. అయినా, భూగర్భజలానికి బదులు శుద్ధి చేసిన నదీజలం కావాలన్నది అక్కడి ప్రజల చిరకాల కోరిక. సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చుతో కట్టిన తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. హిరమండలం జలాశయం నుంచి ఏడాదికి 1.12 టీఎంసీల నీటిని 807 గ్రామాలకూ, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం పట్టణాలకూ అందించడం దీని లక్ష్యం.

2. ఒక టీఎంసీ అంటే ఎంత?

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,831 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున ఇస్తే, ఇది 7.75 లక్షల మందికి ఏడాది పొడవునా సరిపోతుంది.

ఇదే నీటిని వరికి పెడితే? పంటకాలంలో మొత్తం 120 సెంటీమీటర్ల లోతు నీరు కావాలనుకుందాం. అప్పుడు ఎకరాకు దాదాపు 48.5 లక్షల లీటర్లు పడుతుంది. ఒక టీఎంసీతో సుమారు 5,800 ఎకరాలు, 1.12 టీఎంసీలతో సుమారు 6,500 ఎకరాలు పండుతాయి. ఎడమ కాలువ ఆయకట్టులో ఇది నాలుగున్నర శాతం లోపే.

3. కోత ఎవరి మీద పడుతుంది?

అర్థం చేసుకోవడానికి, ఈ 1.12 టీఎంసీలూ ఎడమ కాలువ వాటా నుంచే తీశారని ఊహించండి. కోతను ఆయకట్టు అంతా సమానంగా పంచుకుంటే, ప్రతి రైతుకూ వంద పాళ్లలో నాలుగైదు పాళ్ల నీరు తగ్గుతుంది. తడుల మధ్య ఒకటి రెండు రోజులు ఎడం పెంచి దీన్ని సర్దుకోవచ్చు.

అయితే కాలువ నీరు తనంతట తాను సమానంగా పంచుకోదు. ఎగువ తూములు తమకు కావలసినంత తీసుకుంటాయి. లోటంతా దిగువకు జారి శివారు మీద పడుతుంది. అప్పుడు అందరికీ నాలుగైదు పాళ్లు తగ్గడానికి బదులు, చివరి 6,500 ఎకరాలకు నీరే రాదు. పొట్ట దశలో ఒక తడి తప్పినా వరి దిగుబడి పడిపోతుంది. బోరు వేద్దామంటే సముద్రానికి దగ్గరున్న భూముల్లో ఉప్పునీరు పడే ప్రమాదం ఉంది. అంటే ఒకే ఊళ్ళో ఇంటి కుళాయికి నీరు వచ్చి, పొలం ఎండిపోయే పరిస్థితి రావచ్చు.

4. జలాశయం ఏం మారుస్తుంది?

గొట్టా బ్యారేజిలో నిల్వ సామర్థ్యం చాలా తక్కువ. 19.05 టీఎంసీల సామర్థ్యంతో రూపొందించిన హిరమండలం జలాశయం ఉద్దేశం, సముద్రంలోకి పోయే వరదనీటిని పట్టి ఉంచడం. ఇందుకోసం కొన్ని గ్రామాల ప్రజలు ఇళ్ళూ భూములూ వదులుకున్నారు. జలాశయం నిండిన ఏడాది తాగునీటి వాటా ఆరు శాతం లోపే కాబట్టి తగవు రాదు. నిండని ఏడాది మాత్రం వేసవి తాగునీటిని ముందే పక్కన పెట్టాలి. ఆ మేరకు సాగుకు ఇచ్చే నీరు తగ్గుతుంది.

పట్టణం పెరిగేకొద్దీ ఈ ఒత్తిడి పెరుగుతుంది. మంజీర నది మీది సింగూరు జలాశయం ఇందుకు ఉదాహరణ. అక్కడి నుంచి హైదరాబాదు తాగునీరు తీసుకున్న కాలంలో, కరవు వచ్చినప్పుడల్లా దిగువనున్న ఘనపురం ఆనకట్ట, నిజాంసాగర్ ఆయకట్టు రైతులు తమ నీటి కోసం ఆందోళన పడవలసివచ్చింది.

5. నియమాలు, మార్గాలు

1987, 2002 జాతీయ జల విధానాలు తాగునీటికి మొదటి స్థానం, సాగునీటికి రెండో స్థానం ఇచ్చాయి. ఇవి ఎవరికి ముందు ఇవ్వాలో చెబుతాయి. లోటును రైతుల మధ్య ఎలా పంచాలో చెప్పవు. ఆ పని స్థానికంగా జరగాలి. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం ఏర్పరచిన నీటి వినియోగదారుల సంఘాలు అందుకు తగిన వేదిక. వాటి ముందు మూడు మార్గాలున్నాయి.

మొదటిది, నారుమళ్ళు పోయకముందే ఆ ఏడాది కాలువకు వచ్చే నీటిని ప్రకటించడం. అప్పుడు శివారు రైతు అపరాలో, నువ్వులో వేసుకోగలడు. రెండోది, నీరు తక్కువైనప్పుడు వంతులు పెట్టి, మొదటి వంతు శివారుకు ఇవ్వడం. మూడోది, తీసుకున్న నీటికి బదులు ఇవ్వడం. పట్టణంలో వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగునీరుగా బయటికి వస్తుంది. దాన్ని సక్రమంగా శుద్ధి చేస్తే దగ్గరి పొలాలకు పనికొస్తుంది. డబ్బు రూపంలోనూ బదులు ఇవ్వవచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2003 ఒప్పందం ప్రకారం, ఇంపీరియల్ లోయ సాగునీటి సంస్థ పొదుపు చేసి ఇచ్చే నీటికి శాన్ డియాగో ప్రాంత జలసంస్థ ధర చెల్లిస్తుంది.

సారాంశం

సాగుతో పోలిస్తే తాగునీటి పరిమాణం చిన్నది. దానికి ప్రాధాన్యం ఇవ్వడంలో వివాదం లేదు. ఆ చిన్న కోత అందరి మీదా పలచగా పడుతుందా, కొందరి మీదే పూర్తిగా పడుతుందా అన్నదే న్యాయానికి గీటురాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఇస్తే ఒక టీఎంసీ ఎంతమందికి ఏడాది పాటు సరిపోతుంది?
2. నీటి కోత శివారు రైతుల మీదే ఎక్కువగా పడటానికి కారణాలు రాయండి.
3. మీ ప్రాంతంలో ఒక చెరువు గానీ కాలువ గానీ తీసుకుని, దాని నీరు సాగుకూ తాగడానికీ ఎలా పంచుతున్నారో పది వాక్యాల్లో వివరించండి.