జకార్డుకు రెండు గాలి సిలిండర్లు

బరువైన దూలమును ఇద్దరు మోయునపుడు అడుగులు కలియనిచో భారమంతయు ఒకరి భుజముపైననే పడును. జకార్డు తొక్కు శ్రమ తప్పుటకు ఇరువైపుల గాలి సిలిండర్లు అమర్చుకొను సోదరులు ఈ సంగతి మరువరాదని మా మనవి.

40 మి.మీ. వ్యాసముగల సిలిండరు, చదరపు సెం.మీ.కు 6 కిలోల పీడనమున, లెక్కకు 75 కిలోలు నెట్టును. రెండు కలిసిన 150. కాని గాలి సులభమైన దారినే పోవును. బరువు తక్కువైన వైపు ముందు లేచును, కత్తుల చట్రము ఒరిగి బిగిసికొనును, పడుగు తెగును. గాలి మరలు త్రిప్పి సరిచేసినను నిలువదు: అట్ట మారినకొలది లేచు పోగులు మారును, ఇరువైపుల బరువును మారును.

కనుక రెండు కొనలను పళ్లచక్రములతో ఒకే ఇరుసునకు ముడివేయవలెను. అప్పుడు ఒకటి కదలనిదే రెండవది కదలదు. కొనుటకు ముందే ఆ ఇరుసు ఉన్నదో లేదో అడుగుడు. మగ్గము ఆగిన దినమున కూలి రాదు గదా!