ఫోను మారింది... పని ఆగింది!

కొత్త ఫోను కొనడం ఇప్పుడు చాలా తేలిక. ఈఎంఐ ఉంది, ఎక్స్చేంజ్ ఉంది, ఆర్డరు పెట్టిన మర్నాటికల్లా గుమ్మంలో ఉంటుంది. డబ్బా విప్పి, టెంపర్డ్ గ్లాస్ వేయించి, పౌచ్ తొడిగేదాకా ఇంటిల్లిపాదికీ పండగే. తెల్లారి పాలవాడికి డబ్బులు పంపబోతే వెళ్లవు. బ్యాంకు యాప్ తెరుచుకోదు. వాట్సాప్ ఖాళీగా కనిపిస్తుంది. అమ్మకేమో ఫోను ఎలా ఆపాలో అంతుపట్టదు. వీటిలో ఏదీ ఫోను లోపం కాదు కాబట్టి వారంటీలోకి రాదు. ‘మీకు వాడటం తెలియదు’ అన్న ఒక్కమాటతో అందరూ చేతులు దులుపుకుంటారు. నిజానికి ఈ అవస్థలో చాలాభాగం తయారీదారులూ అమ్మకందారులూ తలుచుకుంటే తప్పేదే.

ఒక్క ‘స్కిప్’ నొక్కితే...

ఆ మధ్య ఒక సెల్‌షాపులో అరవై దాటిన ఓ పెద్దావిడ కనిపించారు. ఒక చేతిలో బాగా అరిగిన పాత ఫోను, మరో చేతిలో కొడుకు ఆన్‌లైన్లో పంపిన కొత్తది. ‘బాబూ, దీంట్లో మా ఆయన వాయిస్‌లు కనపడట్లేదు. ఎక్కడికి పోయినయ్యో చూడయ్యా’ అన్నారు. ఆయన పోయి రెండేళ్లయిందట. ఊళ్లో ఉన్న రోజుల్లో మార్కెట్ నుంచి ఏం తేవాలో అడుగుతూ పెట్టిన చిన్నచిన్న వాయిస్ మెసేజీలు అవి. కుర్రాడు కొత్త ఫోను తీసుకుని చూశాడు. ‘వాట్సాప్ పెట్టేటప్పుడు ఏదైనా అడిగిందా పిన్నిగారూ?’ ‘ఏదో అడిగింది నాయనా, అర్థంకాక పక్కనున్నది నొక్కా.’

ఆ పక్కనున్నదే స్కిప్. నంబరు, ఓటీపీ అయ్యాక పాత చాట్లు తిరిగి తెచ్చుకుంటారా అని వాట్సాప్ అడుగుతుంది. అప్పుడు వద్దని దాటేస్తే వెనక్కి వెళ్లే బటన్ అంటూ ఉండదు. అంతకంటే పెద్ద ప్రమాదం రాత్రికి పొంచి ఉంటుంది. రోజువారీ బ్యాకప్ ఆన్‌లో ఉంటే తెల్లవారుజామున రెండింటికి కొత్త ఫోనులోని ఖాళీ చాట్లు వెళ్లి గూగుల్ ఖాతాలోని పాత బ్యాకప్ స్థానంలో కూర్చుంటాయి. ఏళ్ల తరబడి పోగైన మాటలూ ఫొటోలూ ఒక్క రాత్రిలో పోవచ్చు.

ఆవిడ అదృష్టం, పాత ఫోను ఇంకా చేతిలోనే ఉంది. కుర్రాడు సిమ్ తీసి పాతదాంట్లో వేసి, అదే నంబరుతో వాట్సాప్ మళ్లీ తెరిచాడు. చాట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తర్వాత కొత్తదాంట్లో వాట్సాప్ తీసేసి మళ్లీ వేశాడు. రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి, పాతదాని సెట్టింగ్స్‌లో చాట్స్‌లోకి వెళ్లి ‘ట్రాన్స్‌ఫర్’ నొక్కి, క్యూఆర్ కోడ్ చూపించి వైఫై మీదుగా మొత్తం తరలించాడు. 2023లో వచ్చిన సదుపాయం ఇది. బ్యాకప్‌తో పనిలేదు, గూగుల్ ఖాతాలో చోటుతో పనిలేదు. ఇంత మంచి దారి ఉన్నా కొనేవాళ్లలో ఎక్కువమందికి దాని ఊసే తెలియదు. కొత్త ఫోను డబ్బాలో పెట్టే కాగితాల్లో ఈ నాలుగు వాక్యాలు తెలుగులో ఉంటే ఎంతమంది బాధ తప్పేదో.

గూగుల్ ఖాతాలో చోటు గురించి ఒక మాట. ఫొటోలను లెక్కలేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఆ తర్వాత ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌ను కూడా ఖాతాతో ఉచితంగా వచ్చే 15 జీబీలోనే లెక్కగట్టడం మొదలుపెట్టారు. జీమెయిలూ ఫొటోలూ వాట్సాప్ అన్నీ కలిసి ఆ చోటును నింపేశాక బ్యాకప్ ఆగిపోతుంది. అది ఆగి ఎన్నాళ్లయిందో ఫోను మార్చే రోజున గానీ బయటపడదు.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారేవాళ్ల తిప్పలు ఇంకో రకం. ఒకదాని బ్యాకప్ గూగుల్‌లో, రెండోదాని బ్యాకప్ ఐక్లౌడ్‌లో. ఒకటి రెండోదానికి పనికిరాదు. 2022లో యాపిల్ ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌తో తరలించే వీలొచ్చింది కానీ, ఆ పని ఐఫోన్‌ను తొలిసారి ఆన్ చేస్తున్నప్పుడే చెయ్యాలని షరతు. రెండు రోజులు వాడాక గుర్తొస్తే మొత్తం చెరిపి మొదటినుంచీ రావాల్సిందే.

జేబులో డబ్బులేనట్టే

యూపీఐ కథ వేరు. ఇక్కడ ఇబ్బంది వెనక మంచి కారణమే ఉంది. మన బ్యాంకు ఖాతా, మన నంబరు, మన చేతిలోని ఫోను... ఈ మూడింటినీ యూపీఐ యాప్ కలిపి ముడివేస్తుంది. బ్యాంకులో నమోదైన సిమ్ నుంచి యాప్ తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పంపేది అందుకే. ఫోను మారితే ఆ ముడి మళ్లీ పడాలి. రెండు సిమ్‌లు ఉంటే సరైనది ఎంచుకోవాలి. రీఛార్జి గడువు దాటి ఎస్సెమ్మెస్ వెళ్లకపోతే అంతే సంగతులు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. అన్నీ కుదిరినా మొదట్లో పెద్ద మొత్తాలు పంపనివ్వరు. ఆండ్రాయిడ్‌లో తొలి 24 గంటలు రూ.5 వేల దగ్గర ఆగుతుంది. మన నంబరును ఎవరైనా దొంగిలించి వేరే ఫోనులో పెట్టుకుంటే ఖాతా ఊడ్చేయకుండా ఉండటానికి ఈ జాగ్రత్త. కాబట్టి నియమాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ఆ సంగతి కొనేటప్పుడు ఒక్కరూ చెప్పకపోవడాన్నే తప్పుపట్టాలి. ఆస్పత్రి కౌంటర్ దగ్గరో, కాలేజీ ఫీజు ఆఖరి రోజునో ఈ నియమం తెలిసొస్తే ఆ మనిషి ఎంత హైరానా పడతాడు! ఫోను మార్చే రెండు రోజులూ ఏటీఎం కార్డు, కొంత నగదు జేబులో ఉండాలి.

అమెరికా నుంచి వచ్చిన ఫోను

తెలుగిళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అబ్బాయి కొత్తది కొనుక్కుని, తను వాడిన ఐఫోన్‌ను సెలవుల్లో వచ్చినప్పుడు నాన్నకిస్తాడు. ప్రేమగా తెచ్చిన ఫోనే. తీరా చూస్తే సిమ్ పెట్టే అరే ఉండదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలు అమెరికాలో అమ్మే ఐఫోన్లకు ఈ-సిమ్ ఒక్కటే. అంటే నాన్న తన నంబరును ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి. అది బ్యాంకులో ఉన్న నంబరు, ఆధార్‌తో ముడిపడిన నంబరు, పింఛను కాగితాల్లో ఉన్న నంబరు. మార్పిడి సమయంలో ఓటీపీలు ఆగిపోవచ్చు. ఇకమీదట ఫోను పాడైతే సిమ్ తీసి పాత డబ్బా ఫోనులో వేసుకునే వీలూ ఉండదు. అబ్బాయి విమానం ఎక్కేలోపు ఈ పనంతా దగ్గరుండి పూర్తిచెయ్యాలి.

పెద్దవాళ్లకు నష్టం ఇక్కడితో ఆగదు. వాళ్ల చేతికి ఫోను అలవాటైపోతుంది. ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని నొక్కుతారు. కొత్త ఫోన్లలో తెర కింద ఉండే మూడు బటన్లు పోయి వేలితో జరపడం వచ్చింది. పక్కనున్న పవర్ బటన్ గట్టిగా నొక్కిపడితే ఫోను ఆగేది, ఇప్పుడు చాలా ఫోన్లలో ఏదో గొంతు ‘చెప్పండి’ అంటుంది. ఫోను ఆపడమే తెలియకపోతే ఆ వస్తువు మీద భయం పుట్టదా? ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోకెళ్లి వెతికితే మూడు బటన్లనూ వెనక్కి తెచ్చుకోవచ్చు, పవర్ బటన్ పనినీ మార్చుకోవచ్చు. ఇంట్లో పిల్లలెవరైనా పావుగంట కూర్చుంటే అయ్యే పని. దయచేసి కూర్చోండి.

భాష సంగతీ అంతే. పాత ఫోనులో కీబోర్డు మన మాటల్ని నేర్చుకుని ఉంటుంది. అత్తగారి ఊరి పేరు, మనవడి ముద్దుపేరు రెండక్షరాలు కొట్టగానే వచ్చేస్తాయి. కొత్తదాంట్లో ముందు తెలుగును వెతికి చేర్చుకోవాలి, ఆపైన అన్నీ మళ్లీ నేర్పాలి. తెలుగును చివర్లో చూసుకుందాం అనే ధోరణి ఎంత దూరం వెళ్తుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరపు ఒక ప్రత్యేక కోడ్ రూపం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిదిద్దారు. విజ్ఞానం, జ్ఞాపకం అని రోజూ రాసుకునే కోట్లమంది భాషను ముందే సరిగ్గా పరీక్షించి ఉంటే ఆ తిప్పలు వచ్చేవి కావు.

ఇచ్చేది పెరిగిందా?

కొత్తదాని ధర పెరుగుతూ పోతుంటే డబ్బాలో వచ్చేవి తగ్గుతూ వచ్చాయి. 2016లో ఐఫోన్ 7తో ఇయర్‌ఫోన్ పెట్టుకునే గుండ్రటి రంధ్రం పోయింది. 2020లో ఐఫోన్ 12 డబ్బాలోంచి ఛార్జర్‌నూ ఇయర్‌ఫోన్లనూ తీసేశారు. పర్యావరణం కోసం అన్నారు. మరుసటి ఏడాది శామ్‌సంగ్ ఖరీదైన ఎస్21లోనూ ఛార్జర్ లేదు, మెమరీ కార్డు అరా లేదు. ఇంట్లో ఉన్న పాత ఛార్జర్‌తోనే సరిపెట్టుకుందామంటే దాని పిన్ను వేరు, వేగం వేరు. చివరికి ఛార్జర్, కేబులు, ఇయర్‌బడ్స్ విడిగా కొనాలి. మెమరీ కార్డు లేదు కాబట్టి ఎక్కువ జీబీ ఉన్న ఖరీదైన మోడలే తీసుకోవాలి. పర్యావరణం పేరు చెప్పి ఖర్చును కొనేవాడి మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఇంతకీ ఫోను మార్చాల్సిన అవసరం ఎంతమందికి నిజంగా ఉంది? చాలామంది చెప్పేది రెండే మాటలు... నిదానించింది, ఛార్జింగ్ నిలవట్లేదు. ఈ రెండింటికీ తరచూ కారణం ఒకటే, అరిగిపోయిన బ్యాటరీ. బ్యాటరీ పాతబడ్డ ఐఫోన్లను తామే నెమ్మదింపజేస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది. తర్వాత తక్కువ ధరకు బ్యాటరీలు మార్చి ఇచ్చింది. బ్యాటరీ మారిస్తే పాత వేగం తిరిగొచ్చే ఫోనును వదిలేసి ఎందరు కొత్తది కొన్నారో! హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల ఈ పనినే నమ్ముకుని బతికే చేతులు చాలా ఉన్నాయి. వాళ్లకు అసలైన విడిభాగాలు సులువుగా దొరకాలి.

యూరప్‌లో ఆ దిశగా చట్టమే వచ్చింది. 2025 జూన్ 20 తర్వాత అక్కడ మార్కెట్లోకి వచ్చే స్మార్ట్‌ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరికేలా చూడాలి. బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా 80 శాతం సత్తా నిలుపుకోవాలి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. మరమ్మతు ఎంత సులువో తెలిపే సూచీ మొబైళ్ల మీద ఉండాలని నిపుణుల కమిటీ 2025లో సిఫారసు చేసింది. మంచి అడుగులే. అవి గట్టి చట్టంగా మారాలి. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగేస్తే, అందులో నాలుగో వంతు కూడా సరైన పద్ధతిలో రీసైకిల్ కాలేదు. బతికించగలిగి కూడా పారేసిన ఫోన్లు అందులో ఎన్నో.

ఇక ఎక్స్చేంజ్. ఆన్‌లైన్లో ఆర్డరిస్తే కొత్త ఫోను తెచ్చిన కుర్రాడే గుమ్మంలో నిలబడి పాతది అడుగుతాడు. అప్పటికే అందులోని సమాచారమంతా చెరిపేసి, ఖాతా తీసేసి ఉంచాలి. కొత్తదాంట్లోకి ఏమీ చేరకముందే పాతది చెయ్యి దాటిపోతుందన్నమాట. సెల్‌షాపుకొచ్చిన ఆ పెద్దావిడ పాత ఫోనును అలా ఇచ్చేసి ఉంటే ఆ వాయిస్‌లు దక్కేవి కావు. పాతది అప్పగించడానికి కనీసం పదిహేను రోజుల గడువు ఇవ్వాలని అమ్మకందారుల్ని అడగండి. ఇవ్వనంటే ఆ ఎక్స్చేంజ్ వదులుకోండి. వాట్సాప్, ఫొటోలు, కాంటాక్టులు, బ్యాంకు యాప్‌లు అన్నీ కొత్తదాంట్లో పనిచేస్తున్నాయని మీ కళ్లతో చూసుకునేదాకా పాత ఫోను ఎవరికీ ఇవ్వకండి.